మీమ్: పేరు కొత్తది, పాపం పాతది

అరబీ అక్షరమాలలో ‘మీమ్’ 24వ అక్షరం. దానిని ఏళ్ల తరబడి పిల్లల చేత పలికిస్తున్నాను. అందుకే మొన్న మగ్రిబ్ నమాజు తర్వాత ఒక ఫోను చుట్టూ మూగిన విద్యార్థులు “మీమ్ చూస్తున్నాం ఉస్తాద్” అన్నప్పుడు, పాఠమే చదువుకుంటున్నారని భ్రమపడ్డాను.

తీరా చూస్తే అది తోటి విద్యార్థి ఫోటో. పుస్తకంపై తల వాల్చి నిద్రపోతున్నాడు. కింద ఒక వెక్కిరింత. నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

మరునాడు ఆ అబ్బాయి తరగతికి రాలేదు. ఇంటికి వెళ్లి విచారించాను. తండ్రి మంచాన పడ్డాడు. రాత్రి పొద్దుపోయేవరకు టీ కొట్టు నడుపుతున్నది ఆ పిల్లవాడే. ఆ ఫోటో అప్పటికే బంధువుల ఫోన్లకు చేరింది.

విద్యార్థులను మందలిస్తే, “ఎగతాళి కాదు ఉస్తాద్, మీమ్ మాత్రమే” అన్నారు. ఈ మాటను 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త ‘అనుకరణ’ అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి రూపొందించారు. ఒకరిని చూసి మరొకరు అనుకరించగా వ్యాపించే భావమని ఆయన ఉద్దేశం. ఇంటర్నెట్టులో అది నవ్వించే బొమ్మకు పేరైంది. వేధింపుకు ‘ట్రోలింగ్’ అనీ, చెప్పకుండా సంబంధం తెంచుకోవడానికి ‘ఘోస్టింగ్’ అనీ పేర్లు వచ్చాయి. పేరు మారినంత మాత్రాన పాపం మారదు.

ఒకరినొకరు ఎగతాళి చేయరాదని, చెడ్డపేర్లతో పిలవరాదని హుజురాత్ సూరా 11వ ఆయతు వారిస్తున్నది. చెడు పద్ధతిని ప్రారంభించిన వానిపై, దానిని అనుసరించిన వారి పాపభారం కూడా పడుతుందని, అయినా వారి భారం ఏమాత్రం తగ్గదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ‘ఫార్వర్డ్’ మీట నొక్కే ముందు ఈ హదీసును తలచుకోవాలి. మన ఫోనులో చెరిపేసిన బొమ్మ పరుల ఫోన్లలో మిగిలే ఉంటుంది.

ఆ అబ్బాయిని అందరం క్షమాపణ కోరాము. మొదట కోరవలసిన వాణ్ణి నేనే. అతడు తిరిగి వచ్చాడు, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఇప్పుడు వెనుక వరుసలో కూర్చుంటున్నాడు.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు వాడే కొత్త మాటలకు అర్థం అడగండి. వారు నవ్వుతున్న బొమ్మలో ఉన్నది ఎవరి బిడ్డ అని కూడా అడగండి.