గుంటక తోలకుండా విత్తనమా?

మా చిన్నాయనది జమ్మలమడుగు. ఆయన ప్రొద్దుటూరికి వచ్చాడంటే యే పెళ్లి నగల బేరానికో అయివుండాలి. కిందటి నెలలో మాత్రం కేవలం పళ్లకోసం వచ్చాడు. వస్తూనే జేబులోంచి మాత్రల పొట్లం తీసి బల్లమీద పెట్టాడు.

"పదిమందికి పాఠాలు చెప్పేవాడివి గదా, దీంట్లో యేముందో చదివి చెప్పు నాయనా. మనవడు తెప్పిచ్చినాడు. మంచి పురుగులంట. చప్పరిస్తే నోట్లో చెడ్డ పురుగుల్ని తరిమేస్తాయంట. గార గీకించుకునే బాధ తప్పుతాది" అన్నాడు.

నేను తెలుగు మేష్టరును. పళ్లను మొల్లమొగ్గలతో పోల్చిన కవులను చదివాను గాని, చిగుళ్లను గురించి చింతించిన కవి నా కంటపడలేదు. అందుచేత మాత్రల సంగతి నాకేం తెలుస్తుంది?

చిన్నాయనకు కింది వరుస ముందు పళ్లు కదులుతున్నాయి. తోముకుంటే నెత్తురు. పైగా చక్కెర జబ్బు. గార తీయించుకోమని అయిదేళ్ల కిందటే ఒక డాక్టరు చెప్పాడట. గీకిస్తే పళ్లు వదులైపోతాయని యెవరో భయపెట్టారు. ఆ భయం అయిదేళ్లు ఆయన నోట్లోనే కాపురం చేసింది.

మర్నాడు మా వూళ్లో ఒక దంతవైద్యురాలి దగ్గరకు తీసుకుపోయాను. ఆమె కొలతలు గీసిన సన్నని కడ్డీతో పంటికీ చిగురుకూ మధ్య సందు కొలిచింది. ఆరోగ్యంగా వుంటే అది 3 మిల్లీమీటర్లు దాటదట. చిన్నాయనకు కొన్నిచోట్ల 6, 7 వుంది.

ఆమె చెప్పిన సంగతి యిది. పంటిమీద రోజూ సూక్ష్మజీవుల పాచి పేరుకుంటుంది. తోమితే పోతుంది. తోమని చోట లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లో గట్టిపడుతుంది. అదే గార. దాని గరుకుమీద మళ్లీ పాచి. యీ పాచితో మన ఒళ్లు చేసే పోరాటంలో చిగురు వాస్తుంది, పంటిని పట్టుకున్న యెముక కరుగుతుంది. పోయిన యెముక దానంతటది తిరిగి రాదు. గార తీస్తే పళ్లు వదులు కావు. యెముక పోయిన పళ్లను అన్నాళ్లూ గార సిమెంటులాగా పట్టి వుంచుతుంది. అది తీయగానే అసలు గుట్టు బయటపడుతుంది. నింద డాక్టరుకు వస్తుంది.

"మరి యీ మాత్రలో?" అన్నాడు చిన్నాయన, ఆశ చావక.

"మీకు సేద్యముందా పెద్దాయనా?"

"వుండాది తల్లీ. శనగ యేస్తాను."

"గుంటక తోలి విత్తుతారా, కలుపు మీదనే విత్తుతారా?"

చిన్నాయన మారు మాట్లాడలేదు.

ఆ రాత్రి నేనూ కొంత చదివాను. పులిసిన పాలలోని జీవులు ఆయుర్దాయం పెంచుతాయని వెనక ప్రచారం చేసినవాడు మెచ్నికోఫ్. ఆయనకు 1908లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే అది పెరుగుకు కాదు, రోగనిరోధక శక్తిమీద చేసిన పరిశోధనకు. చిగుళ్లకోసం వాడిచూస్తున్న జీవుల్లో ముఖ్యమైనది లాక్టోబాసిల్లస్ రియుటెరి. మనకు పొరుగున కర్ణాటకలో, దావణగెరెలో, 30 మందిమీద యీ చప్పరించే మాత్రలు పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. గార తీసి మాత్ర కూడా యిచ్చినప్పుడు సందుల లోతు మరికొంత తగ్గిందన్నారు. కాని ఆ పరీక్ష 42 రోజులదే. 2020లో ఐరోపా చిగుళ్ల వైద్యుల సమాఖ్య యిటువంటి పరీక్షలన్నీ కలిపి తూచి, నికరమైన లాభం తేలలేదు గనుక గార తీయడంతోపాటు వీటిని వాడవద్దనే సూచించింది. ఏమైనా మాత్ర తోడు పెళ్లికొడుకే. వాడు యెంత అందగాడైనా అసలు పెళ్లికొడుకు లేనిదే పెళ్లి జరగదు గదా!

"అయితే మన మజ్జిగ?" అని మీరడగవచ్చు. సంగటిలోకి మజ్జిగ మానవద్దు. కాని చట్టిలో తోడుకున్న జీవులూ, ఆ మాత్రలోని జీవులూ ఒకటి కావు. యెంత పుక్కిలించినా గార కరగదు.

రెండు విడతల్లో చిన్నాయనకు గార తీశారు. రెండు పళ్లు మాత్రం దక్కలేదు. మిగిలినచోట నెత్తురు ఆగింది. మూడు నెలలకొకసారి రమ్మన్నారు. చిగుళ్లు బాగుపడితే చక్కెర కూడా కొంత అదుపులోకి వస్తుందని చెప్పారు. ఆ మాత్రల డబ్బుతో మెత్తని బ్రష్షూ, పళ్ల సందుల్లో తోమే చిన్న బ్రష్షూ కొనమన్నారు. ఖర్చుకు వెనకాడేవారికి కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వుండనే వుంది.

యీ కథంతా పులివెందులలో వున్న మా చెల్లెలికి ఫోనులో చెబుతుంటే అది నసిగింది. "అన్నా, నాకూ ఒకపక్క నెత్తురొస్తాంది. అందుకని ఆ పక్క తోమడమే మానేసినా."

మనలో చాలామంది చేసే పొరపాటే యిది. నెత్తురొచ్చే చోటనే మెత్తగా, శ్రద్ధగా తోమాలి. ఆదివారం బస్సెక్కి వచ్చింది. సందు 4 మిల్లీమీటర్లు. ఒక్క పన్నూ కదలలేదు. ఒక్క పూటలో గార తీసి పంపారు.

ఆనాడు చిన్నాయన కూడా మా యింట్లోనే వున్నాడు. పై పంచెతో నోరు కాస్త మరుగుచేసుకుని చెల్లెలితో అన్నాడు:

"మంచిపని చేసినావు పాపా. నా మాదిరి అయిదేండ్లు ఆలోచించలేదు."