ఖేడ్‌లో దోషం, ఉద్గీర్‌లో లేదు

నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబరు 1 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాను భాషల వారీగా పంచినప్పుడు ఖేడ్ తెలుగు వైపు వచ్చింది, ఉద్గీర్, నీలంగా మరాఠీ వైపు పోయాయి. గీత పడ్డా ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. సంబంధం బీదర్ నుంచి వచ్చినా, దెగ్లూర్ నుంచి వచ్చినా చాలా ఇళ్లలో ముందు అడిగేది జాతకమే.

లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషమని తెలుగు పంతుళ్ల లెక్క. మరాఠీ వైపు సాధారణంగా 2ను వదిలేసి 1ని పట్టుకుంటారు. రెండో ఇంట కుజుడున్న పిల్లకు ఖేడ్‌లో దోషం, ఉద్గీర్‌లో లేదు. లగ్నంలోనే ఉంటే అటువైపు దోషం, ఇటువైపు లేదు. పిల్ల అదే, కుజుడూ అదే. ఎలా చూసినా 12 ఇళ్లలో 5 దోషానికే పోయాయి. చంద్రుడి నుంచీ శుక్రుడి నుంచీ కూడా లెక్కపెట్టే వాళ్ల చేతిలో పడితే దోషం లేని పిల్ల దొరకడమే కష్టం. అందుకే అన్ని మినహాయింపులు, అన్ని శాంతులు. సంబంధం తప్పితే మాత్రం మాట పడేది పిల్లే.

లండన్ జ్యోతిష్కుడి దగ్గర అసలు కుజదోషమనే మాటే లేదు. అతని రాశిచక్రం సాయనం, వసంత విషువత్తు నాడు సూర్యుడున్న చోటే దానికి మేషారంభం. మనది నిరయనం, నక్షత్రాలను ఆనవాలు పెట్టుకున్నది. భూమి అక్షం బొంగరంలా తిరగడం వల్ల విషువత్ బిందువు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. అలా పెరిగిన తేడా ఇప్పుడు 24 డిగ్రీలు. రాశి నిడివే 30 డిగ్రీలు కాబట్టి పదిమందిలో ఎనిమిదిమందికి సూర్యరాశి మారిపోతుంది. ఏప్రిల్ 5న పుట్టిన బిడ్డకు వాళ్ల లెక్కలో సూర్యుడు మేషంలో, మన లెక్కలో మీనంలో. ఉత్తరాయణంలోనూ ఇదే తేడా. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేసేది జనవరి మధ్యలో.

ఆ తేడా ఎంతో కూడా మనవాళ్లలో ఒక్క మాట లేదు. మేఘనాథ్ సాహా నాయకత్వంలోని పంచాంగ సంస్కరణ సంఘం 1956 మార్చి 21 నాటికి 23 డిగ్రీల 15 నిమిషాలని ఖాయం చేసింది. బెంగళూరు బి.వి.రామన్ లెక్క దానికన్నా ఇంచుమించు డిగ్రీన్నర తక్కువ. రాశి అంచున ఉన్న గ్రహానికి డిగ్రీన్నర చాలు, ఇల్లు మారిపోతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వర్ణకూటం. 36 గుణాల పొంతనలో మొదటిది అదే. కర్కాటకం, వృశ్చికం, మీనం బ్రాహ్మణ రాశులట. మిథునం, తుల, కుంభం శూద్ర రాశులట. వరుడి వర్ణం వధువు వర్ణానికి తగ్గకూడదట. పడమటి జ్యోతిషంలో ఇది లేదు, ఎందుకంటే అక్కడ చాతుర్వర్ణ్యం లేదు. నేలమీద మనిషి పెట్టిన మెట్లనే నక్షత్రాలకు అంటగట్టారు.

రెండు పద్ధతులనూ పరీక్షకు పెట్టారు. అమెరికాలో షాన్ కార్ల్‌సన్ 1985లో పడమటి జ్యోతిష్కులకు ఒక జాతకమూ మూడు వ్యక్తిత్వ వివరణలూ ఇచ్చి సరైనదాన్ని ఏరమన్నాడు. మూడింట ఒకటి చొప్పున, గుడ్డిగా ఏరినట్టే ఏరారు. పుణెలో జయంత్ నార్లికర్, నరేంద్ర దాభోల్కర్ 2008లో చురుకైన పిల్లల జాతకాలనూ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలనూ కలిపి, ఎవరివి ఏవో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కుల సగటు 46 శాతం. నాణెం ఎగరేసినా సగం వస్తుంది.

అంతకుముందే యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టబోతే, హైదరాబాదు సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్పమిత్ర భార్గవ మన హైకోర్టుకెక్కారు. అక్కడా ఓడారు, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడారు. ఇవాళ ఇంజనీరింగ్ చదివిన పిల్ల పెళ్లి బయోడేటాలోనూ చదువుకన్నా పైన రాశి, నక్షత్రం, పాదం కనిపిస్తాయి. మీ అమ్మాయి కాగితంలో ఆ గళ్లు ఖాళీగా వదిలేయండి. అటువాళ్లు అడిగితే, ఏ లెక్క ప్రకారం చెప్పమంటారో ముందు వాళ్లనే తేల్చుకు రమ్మనండి.