కొత్త ఫోన్ కొనుక్కోమనడం సెక్యూరిటీ కాదు, తలుపు బార్లా తీయడం సాయం కాదు



పోస్ట్ కొంచెం పొడుగు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇది మన అందరి కాగితాల సంగతి.

మన గ్రూప్ మెయిల్ సర్వర్‌ని మనమే నడుపుకుంటున్నాం. అందులో ఏమున్నాయో తెలుసు కదా. కులం సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు, స్కాలర్‌షిప్ ఫారాలు, మన పెద్దలు పెట్టుకున్న అటవీ హక్కుల దరఖాస్తుల స్కాన్లు. ఈమధ్య మేం సర్వర్ సెట్టింగులు మార్చి, సర్టిఫికెట్ కూడా కొత్తది పెట్టాం. తెల్లారేసరికి పాత ఫోన్లున్న వాళ్లకు మెయిల్ ఆగిపోయింది. హాస్టల్లో ఉన్న మన చెల్లెలు ఒకామె కౌన్సెలింగ్ మెయిల్ మూడు రోజులు ఆలస్యంగా చూసింది. సీటు పోయేదే, ఎలాగో నిలబడింది. ఆ తప్పు మాది. ముందే చెప్పకుండా మార్చాం.

దాని మీద గ్రూప్‌లో రెండు మాటలు నడుస్తున్నాయి. రెండూ తప్పే అని చెప్పడానికే ఈ పోస్ట్.

మొదటి మాట: "పాత ఫోన్ వాడేవాళ్ల కోసం సర్వర్‌ని ఆపుతామా? కొత్తది కొనుక్కోమనండి." ఈ మాట అనే అన్నలను ఒకటి అడుగుతున్నాం. మీ ఇంట్లో మొదటి ఫోన్ ఎవరు వాడి పక్కన పెట్టింది? అన్న వాడింది తమ్ముడికి, తమ్ముడు వాడింది చెల్లికి వస్తది. మన దగ్గర ఫోన్ అలాగే నడుస్తది. అసలు ఆ ఫోన్ ఎందుకు ఆగిందో చూడకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా?

మేం చూశాం. సర్వర్‌లో కనీసం టీఎల్ఎస్ 1.2 ఉండాలని పెట్టాం. అది సరైనదే. 1.0, 1.1 వెర్షన్లను వాడొద్దని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2021 మార్చిలోనే తేల్చి చెప్పింది. కానీ ఆండ్రాయిడ్ 5.0 నుంచి టీఎల్ఎస్ 1.2 ఫోన్‌లోనే ఆన్ అయి ఉంటది. అంటే ఆగిపోయిన ఫోన్లలో చాలావాటికి తాళం తీయడం వచ్చు. మరి ఎందుకు ఆగాయి? సర్టిఫికెట్ వల్ల. మేం వాడేది లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్. దాని సొంత రూట్ 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్‌లో లేదు. ఇన్నాళ్లూ పాత రూట్ ఒకటి దానికి తోడు సంతకం పెట్టేది. ఆ సంతకం గడువు 2024 సెప్టెంబర్ 30తో అయిపోయింది. ఫోన్ చెడిపోలేదు, మేం చూపించిన సాక్షిని అది గుర్తుపట్టలేదు, అంతే. పాత ఫోన్లు గుర్తుపట్టే రూట్ ఉన్న సంస్థ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే, లేదా ఆ కొత్త రూట్‌ని ఫోన్‌లో చేత్తో ఎక్కిస్తే పని జరుగుద్ది. సర్టిఫికెట్ ఆర్ఎస్ఏ రకం ఉంచితే ఇంకొన్ని పాత ప్రోగ్రాములు కూడా దారికొస్తాయి. ఇవన్నీ సర్వర్ నడిపేవాళ్లు చేయాల్సిన పనులు. చెల్లెలి జేబు మీద వేయాల్సిన భారం కాదు.

రెండో మాట ఇంకా ప్రమాదం: "టీఎల్ఎస్ తీసేయండి, 143, 110 పోర్టులు మామూలుగా తెరవండి, అందరికీ మెయిల్ వస్తది." వస్తది నిజమే. హాస్టల్ వైఫైలో పక్కన కూర్చున్నవాడికి కూడా వస్తది. ఆ దారిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగానో, బేస్64లోనో పోతది. బేస్64 తాళం కాదు, రాత మార్చడం మాత్రమే. ఎవరైనా ఒక్క క్షణంలో విప్పేస్తారు. ఇంటికి తాళం వేసి తాళంచెవి చూరులో పెట్టినట్టే.

"పోర్ట్ తెరిచి ఉంచి, టీఎల్ఎస్ లేకపోతే లాగిన్ ఒప్పుకోకండి" అని కొందరు తెలివిగా అన్నారు. వినడానికి బాగుంది. కానీ సర్వర్ "కుదరదు" అనేలోపే పాత ప్రోగ్రాం పాస్‌వర్డ్ పంపేసి ఉండొచ్చు. పాత యాప్‌లలో "టీఎల్ఎస్ ఉంటే వాడు" అనే సెట్టింగ్ ఇంకో మోసం. మధ్యలో ఎవడైనా "టీఎల్ఎస్ లేదు" అనిపిస్తే అది నోరెత్తకుండా మామూలు దారిలో పోతది. "అన్ని సర్టిఫికెట్లూ ఒప్పుకో" అనే సెట్టింగ్ స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో తిరుగుతోంది. దయచేసి డిలీట్ చేయండి. అది నొక్కితే ఎవడు సర్వర్ వేషం వేసుకొచ్చినా మీ ఫోన్ తలుపు తీస్తది.

అందుకే మేం చేస్తున్నది ఇది:

1. మెయిల్ తెచ్చుకోవడానికి 993 (ఐమ్యాప్), 995 (పాప్), పంపడానికి 465 మాత్రమే. ఇవి మొదటి అక్షరం నుంచే టీఎల్ఎస్‌లో నడుస్తాయి, పాత ప్రోగ్రాముల్లో చాలావాటికి తెలుసు. 143, 110 పూర్తిగా మూసేస్తాం. సర్వర్లు ఒకదానికొకటి మాట్లాడుకునే 25 సంగతి వేరు, దాన్ని కదపం.

2. ఒక్కో ఫోన్‌కి ఒక్కో పాస్‌వర్డ్. ఫోన్ సంతలో పోయిందనుకోండి, ఆ ఒక్కటే రద్దు చేస్తాం.

3. ప్రతి లాగిన్ పక్కన ఏ టీఎల్ఎస్ వెర్షన్‌తో వచ్చారో సర్వర్ లాగ్‌లో రాయిస్తున్నాం. రాలేకపోయిన ప్రయత్నాలు కూడా చూస్తాం. ఇక మీద ఏదైనా మూసే ముందు, ఎవరికి ఇబ్బందో చూసి, వాళ్లకు ఫోన్ చేసి చెప్పాకే మూస్తాం.

4. టీఎల్ఎస్ 1.2 అసలే రాని పాత కంప్యూటర్లు కొన్ని మిగులుతాయి. వాటి కోసం సర్వర్‌ని దించం. ఆ కంప్యూటర్‌లోనే స్టన్నెల్ అనే చిన్న ప్రోగ్రాం పెడతాం. పాత మెయిల్ ప్రోగ్రాం దానితో మాట్లాడుద్ది, అది బయటికి 1.2లో మాట్లాడుద్ది. విండోస్ 7 ఉన్నవాళ్లకు అది కూడా అక్కర్లేదు. థండర్‌బర్డ్ 115 వేసుకోండి, టీఎల్ఎస్, రూట్లు అన్నీ తన వెంటే తెచ్చుకుంటది.

ఇదంతా చేయడానికి మాకు కొన్ని ఆదివారాలు పోతాయి. పోనివ్వండి. వెనకబడ్డవాళ్లను వదిలేసి ముందుకు పోవడం మనం బయట చాలా చూశాం. మన సర్వర్‌లో కూడా అదే చేస్తే ఇక మన సర్వర్ ఎందుకు? అలాగని మన పెద్దల భూమి కాగితాలు తెరిచిన పోర్టులో పెట్టే హక్కు కూడా మాకు లేదు.

మెయిల్ ఆగిన వాళ్లు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ కామెంట్‌లో పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ పంపొద్దు, మేం అడిగినా సరే పంపొద్దు.

జోహార్!