మన మహజరులు ఏ వాకిటికి పోవలెను?

ఏదేని యొక ఊర తెలుగు తరగతి మూతపడనున్నదని వినినంతనే మనవారు చేయు మొదటి పని తెలుగు రాష్ట్రముల మంత్రులకు మహజరు పంపుట. ఆ మంత్రులు సానుభూతి వాక్యములు పలుకుదురు. మనవారు వారికి పూలదండలు వేసి తిరిగివత్తురు. తరగతి మాత్రము మూతపడును. ఈ యాచారమును ఇకనైనను మానవలెను. హోసూరు బడిలో ఉపాధ్యాయుని నియమించు అధికారము తమిళనాడు ప్రభుత్వమునది; బళ్లారి బడి విషయమున కర్ణాటక ప్రభుత్వమునది; బరంపురమున ఒడిశా ప్రభుత్వమునది; షోలాపురమున మహారాష్ట్ర ప్రభుత్వమునది. పొరుగు రాష్ట్రపు మంత్రి మనకు బంధువు కావచ్చును గాని, మన బడికి అధికారి కాజాలడు.

"రాజ్యాంగము మనకు రక్షణ నిచ్చినది గదా, చింత యేల?" అని నిశ్చింతగా నుండువారు మరి కొందరు. వారు ఆ రక్షణ యెట్టిదో ఒకమారు చదివి చూతురు గాక. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956వ సంవత్సరముననే ఏడవ సవరణ ద్వారా 350-ఏ, 350-బి అధికరణములు రాజ్యాంగమున చేరినవి. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు "ప్రయత్నింపవలెను" అని మొదటిది చెప్పుచున్నది. అందులకై రాష్ట్రపతి ఆదేశములు "ఈయవచ్చును" అనియు చెప్పుచున్నది. రెండవది ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. ఆయన విచారించి రాష్ట్రపతికి నివేదించును; ఆ నివేదిక పార్లమెంటు ఉభయసభల ముందుంచబడును, రాష్ట్ర ప్రభుత్వములకును పంపబడును. ఆయనకు ఆజ్ఞాపించు అధికారము లేదు.

అట్లయిన ఈ మాటలకు బలము నిచ్చువారెవరు? రాష్ట్రపతి కేంద్ర మంత్రివర్గపు సలహా ననుసరించి నడుచుకొనవలెనని 74వ అధికరణము. ఆ మంత్రివర్గము లోక్‌సభకు బాధ్యత వహింపవలెనని 75వ అధికరణము. లోక్‌సభ సభ్యుని ఎన్నుకొనువారము మనము. విద్య 1976 నాటి 42వ సవరణచే ఉమ్మడి జాబితాలో చేరినది గనుక, కేంద్రము ఇది తన పని కాదని తప్పించుకొనజాలదు. కావున మన మహజరు పోవలసిన వాకిలి మన వీధికి వచ్చి ఓటడిగిన సభ్యునిదే. ఉపాధ్యాయుని ఖాళీని గూర్చి శాసనసభలో ప్రశ్న వేయించుడు. ప్రత్యేకాధికారి నివేదికను గూర్చి లోక్‌సభలో ప్రశ్న వేయించుడు. వేయనివానిని మరల ఓటడుగ వచ్చినప్పుడు కారణ మడుగుడు.

శాసనసభ తలచిన ఏమి చేయగలదో యానామును చూచిన తెలియును. 1965 నాటి పుదుచ్చేరి అధికారభాషా చట్టము యానామున తెలుగు వాడుకకు చోటిచ్చినది. అది ఎవరి సానుభూతియు కాదు, చట్టము.

న్యాయస్థానము కూడ ఒక వాకిలియే. విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను 30వ అధికరణపు హక్కు ప్రాథమిక హక్కు. దానికి భంగము కలిగినచో హైకోర్టుకు గాని సుప్రీంకోర్టుకు గాని పోవచ్చును. అయితే 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటక వ్యాజ్యమున ఏమి చెప్పినది? 350-ఏ అధికరణమును చూపి మాతృభాషా మాధ్యమమును ఎవరిపైనను బలవంతముగా రుద్దరాదని చెప్పినది. అనగా ఎంచుకొను భారము తల్లిదండ్రులదే. తాము కోరని తెలుగు తరగతిని ఏ న్యాయమూర్తియు వారికి తెచ్చియీయడు.

ఇచ్చటనే మనవారి లోపము కనబడుచున్నది. తరగతికి పదిమంది గాని, బడికి నలువదిమంది గాని విద్యార్థులున్నచో మాతృభాషా బోధన ఏర్పాటు చేయవలెనని 1949 నాటి విద్యామంత్రుల సమావేశము అంగీకరించినది. బడిలో చేర్చునపుడు మాతృభాష గడిలో "తెలుగు" అని వ్రాయింపక, వేదికలెక్కి తెలుగు అంతరించిపోవుచున్నదని విలపించువారు ఆ పదిమంది లెక్కను ఎట్లు చూపగలరు? అధికారికి కావలసినది కన్నీరు కాదు, పట్టిక.

మనము నివసించు రాష్ట్రపు భాషతో మనకు వైరము లేదు. కన్నడమును, తమిళమును, ఒడియాను, మరాఠీని మన పిల్లలు చక్కగా నేర్వవలెను. దానితోపాటు ఇంటిభాషను కోరుట అపరాధము కాదు, రాజ్యాంగము ఒప్పిన కోరిక.

ప్రతి శాఖయు రాబోవు ప్రవేశముల కాలమునకు ముందే ఇంటింట తిరిగి పిల్లల పట్టిక సిద్ధము చేయవలెను. తల్లిదండ్రుల సంతకములతో దానిని విద్యాధికారికి అందజేసి రసీదు పొందవలెను. ఒక నకలు ప్రత్యేకాధికారికి, ఒక నకలు శాసనసభ్యునికి, ఒక నకలు లోక్‌సభ సభ్యునికి పంపవలెను. దండలకగు సొమ్ము తపాలా బిళ్ళల కుపయోగించుడు.