ఎదమీది వ్రాత

వస్త్రము మానవునకు మూడు ఉపకారములు చేయుచున్నది. మానమును కాపాడును, ఎండకును చలికిని అడ్డుపడును, నలుగురిలో గౌరవము నిచ్చును. మన కాలమున దానికి నాలుగవ పని యొకటి తగిలినది. అది మాటలాడ నేర్చినది. టీషర్టు అను పొట్టిచేతుల చొక్కాపై నొక పేరో, వాక్యమో, పరిహాసమో అచ్చువేయబడి, తొడిగినవాడు నోరు విప్పకమునుపే ఎదుటివానితో సంభాషణ మొదలిడుచున్నది. ఎదుటివాడు స్నేహితుడైనచో చిక్కు లేదు. అపరిచితుడైనప్పుడే చిక్కు. దీనినిగూర్చి మన విద్యార్థులును, వారి తలిదండ్రులును కొంత ఆలోచింపవలెనని నా మనవి.

అక్షరములను ఒంటిపై ధరించుట క్రొత్త యాచారము కాదు. ప్రధానయాజకుడు అక్షరములు చెక్కిన బంగారు రేకును నుదుట ధరింపవలెనని నిర్గమకాండమునందు విధింపబడినది. మన దేశమున భగవన్నామములు అచ్చొత్తిన ఉత్తరీయములను భక్తులు నేటికిని కప్పుకొనుచున్నారు. టీషర్టు వంశము మాత్రము వేరు. 1913 ప్రాంతమున అమెరికా నౌకాదళమువారు నావికులకు లోపల తొడుగుకొనుటకై యిచ్చిన తెల్లని నూలు బనియను దీనికి మూలపురుషుడు. లోపల నుండవలసినది కాలక్రమమున పైకి వచ్చినది. వచ్చిన పిమ్మట తెల్లగా నుండ నొల్లక అక్షరములను తగిలించుకొన్నది. 1942 జూలైలో ఆ దేశపు లైఫ్ పత్రిక ముఖపత్రముపై, వైమానికదళ తుపాకి శిక్షణాలయపు పేరు ముద్రించిన టీషర్టుతో నొక సైనికుని చిత్రము వెలువడినది. యాజకుడు గాని, భక్తుడు గాని, సైనికుడు గాని తన యొంటిమీది వ్రాతకు తానే బాధ్యుడు. అడిగినవానికి "ఇది నాది" యని చెప్పగలడు.

నేడు తిరుప్పూరు మొదలగు పట్టణములలో తయారైన చొక్కాలు మన సంతలకు గుట్టలుగా వచ్చుచున్నవి. కొనువాడు రంగు చూచును, కొలత చూచును, ధర బేరమాడును. వ్రాతను చదువుట అరుదు. కనుకనే ఇక్కట్లు కలుగుచున్నవి.

రైలులో నొక బాలుడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము పేరుగల చొక్కా తొడిగి కూర్చున్నాడనుకొందము. ఎదుటి బల్లపై నున్న పెద్దమనిషి సంతోషించి, "నాయనా, అక్కడ ఏ శాస్త్రము చదువుచున్నావు?" అని మర్యాదగా నడుగును. బాలుడు ఏమి చెప్పును? లేదన్న సిగ్గు, ఔనన్న అసత్యము. మరియొక యువకుడు "కౌగిలింతలు ఉచితము" అని ఆంగ్లమున వ్రాసియున్న చొక్కాతో బస్సెక్కును. పరదేశమునుండి వచ్చిన యాత్రికుడొకడు ఆ మాట నమ్మి చేతులు చాచును. యువకుడు బెదరి రెండడుగులు వెనుకకు జరుగును. పిలిచిన దెవరు? జరిగిన దెవరు? ఇంకొకడు "నిద్రించుచున్నాను, లేపవద్దు" అను పరిహాసమును ఎదపై ధరించి, మరచి, అట్లే మరణము సంభవించిన యింటికి పరామర్శకు పోవును. వసారాలో శవము పరుండియున్నది. ఆ అక్షరములు చదివిన యింటివారి మనస్సు ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

నోటితో పలుకు పరిహాసమునకు కావలి యుండును. సమయము చూచి పలుకుదుము, స్వరమును తగ్గింతుము, విన్నవాని ముఖము చిన్నబోయినచో వెంటనే మాట మరలింతుము. అచ్చుపడిన పరిహాసమునకు కన్నులు లేవు, చెవులు లేవు. పెండ్లింటను చావింటను అది ఒకే మాట పలుకుచుండును. కావున దానికి కన్నులును చెవులును తొడిగినవాడే కావలెను.

"నా చొక్కా, నా యిష్టము; నచ్చనివారు చూడకుందురు గాక" అని కొంద రందురు. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. 1968లో పాల్ కోహెన్ అను యువకుడు, నిర్బంధ సైనికభర్తీని అసభ్యపదముతో దూషించు వ్రాతగల కోటు తొడిగి, లాస్ ఏంజలిస్ న్యాయస్థానపు నడవలో నడచినందులకు 30 దినముల చెరసాల శిక్షకు పాత్రుడయ్యెను. 1971లో అమెరికా సుప్రీముకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, చూడనొల్లనివారు కన్నులు మరలించుకొనవచ్చునని తెలిపెను. తీర్పు సరియైనదే. ప్రతివాని ఎదమీది అక్షరములను ప్రభుత్వము దిద్ద బూనినచో స్వేచ్ఛకు చోటుండదు. ఐనను ఒక భేదము గమనింపుడు. ఆ యువకుడు తెలిసి తొడిగెను. యుద్ధమునుగూర్చిన తన యభిప్రాయమును తెలుపుటకే తొడిగితినని న్యాయస్థానమున చెప్పెను. మాట అసభ్యమే, కాని దానికి జవాబుదారి యుండెను. చట్టము శిక్షింపదు గదా యని తోడిమనుష్యుని మనస్సును లెక్కచేయకుండుట మర్యాద కాదు.

ఇక తెలియక తొడుగువారి సంగతి. మన యూళ్లలో కూలికి పోవువారనేకులు ఆంగ్లాక్షరములున్న చొక్కాలు ధరింతురు. ఒకటి సంతలో చవుకగా దొరకినది. ఒకటి పాతబడినదని పట్నమువారిచ్చినది. ఒకటి ఎన్నికలనాడు పంచిపెట్టినది. ఒక్కొక్కప్పుడు ఆ వ్రాత తల్లి యెదుట పలుకరాని మాటగా నుండును. దానిని చదివి నలుగురు బాలురు కిసుక్కున నవ్వుదురు. ఎందుకు నవ్విరో ఆ మనుష్యుడెరుగడు. తన్ను చూచి నవ్విరని మాత్ర మెరుగును. ఆతడు మనలో నొకని తండ్రియై యుండవచ్చును. ఆ చొక్కాతోనే మన వార్షికోత్సవమునకు వచ్చి, కుమారుడు బహుమానమందుకొనుట చూడ వెనుక వరుసలో నిలువబడవచ్చును. మనము అక్షరములు నేర్చినది ఆతనిని చూచి నవ్వుటకా?

నా అభిప్రాయ మిది: మాట యర్థము ఎవనికి తెలియునో, దాని భారము వానిదే. తొడిగినవానికి తెలిసినచో తొడిగినవాడు జవాబు చెప్పవలెను. వానికి తెలియనిచో, చదివినవాడే ఆ భారమును వహింపవలెను. వహించుట కష్టమైన పని కాదు. నలుగురిలో గాక ప్రక్కకు పిలిచి, "మామా, ఈ వ్రాతలో మంచి మాట లేదు, లోపలివైపు పైకి త్రిప్పి తొడుగుకొనుము" అని మెల్లగా చెప్పిన చాలును. సహోదరుని తప్పిదమును సయితము ఏకాంతమున తెలుపుమని సువార్త బోధించుచున్నది. ఏ తప్పును చేయనివానియెడ ఆ మర్యాద మరింత అవసరము గాదా?

విద్యార్థులారా! కొనునప్పుడు రంగుతోపాటు వ్రాతను గూడ చదువుడు. అర్థము చెప్ప సిగ్గుపడు మాటను తొడుగకుడు. అపరిచితుడు దానినిగూర్చి ప్రశ్నించినచో చిరాకుపడక బదులు చెప్పుడు. ఆతనిని ముందుగా పలుకరించినది మీ చొక్కాయే. తలిదండ్రులారా! మీకు చదువు రానిచో బిడ్డలచేత చదివించుకొనుడు. బిడ్డలకు మీరు కట్టు జీతమునకు అది మొదటి ఫలము.

వస్త్రము మానమును కాపాడుటకు పుట్టినది. అది ఆ పని చేయలేకపోయినచోట మన చదువు చేయునుగాక!