అత్తరు లెక్కలో అడవి ఏది?

హైదరాబాద్‌ పత్తర్‌గట్టి అత్తరు దుకాణాల్లో ఊద్ నూనె తులాల లెక్కన అమ్ముతారు. అది అగరు చెట్టుది. సాధారణంగా మానుకు బూజు సోకితేనే లోపల ఆ సుగంధపు జిగురు పడుతుంది. పైకి స్పష్టంగా తెలియదు కాబట్టి అడవుల్లో జిగురు లేని చెట్లనూ నరికేశారు. అందుకే 1995లో ప్రధాన అగరు జాతిని అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో చేర్చారు.

2012లో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు జరిగింది హైదరాబాద్‌లోనే. అయినా కంపెనీల నివేదికల్లో ఆ లెక్క ఇంకా తప్పనిసరి కాలేదు. దేశంలోని వెయ్యి అగ్రశ్రేణి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం పర్యావరణ, సామాజిక బాధ్యతా నివేదిక ఇస్తున్నాయి. అందులో జీవవైవిధ్యంపై ప్రభావం చెప్పడం ఐచ్ఛికమే. అదీ పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల్లో ఆ కంపెనీ కార్యకలాపాల వరకే. ముడిసరుకు ఏ అడవిదో అడగని కొలత చాలదు. కొన్న ప్రతి కిలో తోటదా, అడవిదా, ఏ జిల్లాదన్నది పెద్ద కంపెనీలు రాయాలి; అడవి సరుకును ఏటా తగ్గించాలి. సెబీ దీన్ని తప్పనిసరి చేయాలి. ఆ భారం చిన్న అత్తరు వ్యాపారి మీద మాత్రం పడకూడదు.