నూనెబుడ్డిగాడికి చోటు మిగల్చండి

చైనా కొండల్లో తప్ప మరెక్కడా గూడు కట్టని అలాషాన్ రెడ్‌స్టార్ట్ అనే పాటల పిట్ట అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ‘ముప్పుకు చేరువైన’ జాతి. దాని దగ్గరి చుట్టమొకటి చలికాలంలో తెలుగునాటికి వస్తుంది. నల్లటి రొమ్ము, ఇటుక రంగు పొట్ట, రాతి మీద వాలిందంటే వణుకుతూనే ఉండే తోక. దీని పేరు నూనెబుడ్డిగాడని పందొమ్మిదో శతాబ్దంలోనే పక్షిశాస్త్రవేత్త జెర్డన్ తన పక్షుల గ్రంథంలో రాసిపెట్టాడు. హిమాలయాలు, మధ్య ఆసియా నుంచి దిగివచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతుంది. ప్రపంచం మొత్తం మీద దీనికిప్పుడు ముప్పు లేదు. ఆ ఒక్కమాట పట్టుకుని విశాఖపట్నంలోని గోపాలపట్నం దగ్గర మనం నిశ్చింతగా కూర్చోవడం తప్పు.

ఒక ఊరి గుట్టమీద పిట్టలు మాయమైతే ప్రపంచ జాబితాలో చుక్క కూడా కదలదు. దీర్ఘకాలిక లెక్కలు తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టాయని 2023లో మన దేశ పక్షుల స్థితిగతుల నివేదికే చెప్పింది. నూనెబుడ్డిగాడు రాళ్ల సందుల్లో, మొండిగోడల పక్కన పురుగులు ఏరుకుతింటుంది. ఆ నేలను చదును చేసి సిమెంటు పోస్తే దాని తిండి పోయినట్టే.

గోపాలపట్నానికి ఒకపక్క సింహాచలం కొండ, మరోపక్క మేఘాద్రిగెడ్డ జలాశయం. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసిన నేల కూడా ఇదే. ఇంత జరిగినా జలాశయానికి చిత్తడి నేలల నిబంధనల అండ లేదు. తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను 2017 నిబంధనలు మినహాయించాయి. నగరం దాహం తీరుస్తున్నందుకే రక్షణ దక్కకపోవడం ఏం న్యాయం?

దారి లేకపోలేదు. ప్రభుత్వ భూమిని, స్థానికులతో సంప్రదించి, కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించే అధికారం వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చింది. సింహాచలం దేవస్థానం భూములపై నడుస్తున్న పంచగ్రామాల వివాదం తేలేదాకా ఆగనక్కర్లేదు, తగాదా లేని ప్రభుత్వ స్థలాలతో మొదలుపెట్టవచ్చు.

చలి మొదలయ్యేలోగా అటవీశాఖ, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కలిసి ఇక్కడి పక్షుల లెక్క తీయాలి. ఆ లెక్క జనం ముందు పెట్టేవరకు జలాశయం చుట్టుపక్కల తవ్వకాలకూ, మట్టి పోతకూ ఒక్క అనుమతి కూడా ఇవ్వకూడదు.